అవతరించని దైవాన్ని నిలదీయడం: బాబర్‌వాణిలో గురునానక్ ఈశ్వరభావన

సిక్కు మతం గురించి తెలుగులో వచ్చిన పాఠాలు, పరిచయ వ్యాసాలు చాలావరకు రెండు మాటలతో ముగుస్తాయి. గురునానక్ హిందూ, ఇస్లాం మతాలను సమన్వయం చేశాడన్నది ఒకటి, నిర్గుణ పరబ్రహ్మను ఉపాసించాడన్నది మరొకటి. నిజాముల కాలం నుంచీ సిక్కులు హైదరాబాదులో మన మధ్యనే ఉన్నారు. గురు గోవింద్ సింగ్ 1708లో తనువు చాలించిన నాందేడ్ 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంది. ఇంత దగ్గరివారి దైవభావనను ఇంత తేలిగ్గా తేల్చేయడం అన్యాయం. ఆ రెండు మాటలూ నిలబడవని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సిక్కుల పవిత్ర గ్రంథమైన ఆదిగ్రంథాన్ని 1877లో కొంతమేర ఇంగ్లీషులోకి తెచ్చిన ఎర్నెస్ట్ ట్రంప్ పొరపాట్లను మరో అనువాదకుడు మెకాలిఫ్ 1909 నాటికే ఎండగట్టాడు. ఆ పాత తగవును మళ్లీ తవ్వనక్కరలేదు. నా పేచీ చరిత్రకారుడు డబ్ల్యు.హెచ్. మెక్లౌడ్‌తో. 1968లో వెలువడిన ఆయన గ్రంథం సమన్వయవాదాన్ని తోసిపుచ్చింది. అంతవరకు మేలే చేసింది. కానీ నానక్‌ను ఉత్తరాది సంత్ సంప్రదాయంలో కూర్చోబెట్టి, అక్కడితో ఆయన దేవుడి మూలాలు దొరికినట్టే భావించింది. అంతకంటే పెద్ద లోపం ఆ పుస్తకం అమరికలోనే ఉంది. జీవితం ఒక భాగం, బోధ మరొక భాగం. బాబరు దండయాత్రపై నానక్ చెప్పిన పదాలు ప్రధానంగా జీవిత భాగంలోకి వెళ్లాయి. నానక్ ఆ దాడిని కళ్లారా చూశాడా లేదా అన్న విచారణకు అవి సాక్ష్యాలయ్యాయి. నానక్ దేవుణ్ని అంత సూటిగా ప్రశ్నించిన చోటు ఆదిగ్రంథంలో మరొకటి లేదు. దాన్ని చరిత్ర దస్తావేజుగా చదివితే దైవభావనలో సగం చేజారినట్టే. నానక్ దేవుడికి సగుణ లక్షణాలున్నాయని మెక్లౌడ్ కూడా ఒప్పుకున్నాడన్నది నిజమే, అయినా ఈ లోపం తీరదు.

బాబర్‌వాణి అని పిలిచే పదాలు నాలుగు. మూడు ఆసా రాగంలో, ఒకటి తిలంగ్ రాగంలో ఉన్నాయి. 1520 ప్రాంతంలో బాబరు సైన్యం పంజాబులోని సైద్‌పూర్‌ను నేలమట్టం చేసింది. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ఎమినాబాద్ అదే. తిలంగ్ రాగంలోని పదాన్ని నానక్ ఆ ఊరి వడ్రంగి లాలోను ఉద్దేశించి చెప్పాడు. ఆసా రాగంలోని ఒక పదంలో ఆయన చూపు స్త్రీల మీద నిలిచింది. సిందూరం దిద్దిన పాపిట జుట్టును కత్తెరలు తెగ్గోశాయి. దంతపు పని చేసిన పల్లకీల్లో అత్తవారింటికి వచ్చినవారి మెడలకు తాళ్లు పడ్డాయి, ముత్యాల పేర్లు తెగిపోయాయి. అంతవరకు సుఖమిచ్చిన ధనమూ యౌవనమూ వాళ్లకే శత్రువులయ్యాయి. ఆసా రాగంలోనే ఉన్న మరో పదం ప్రకారం బాధితుల్లో హిందూ స్త్రీలున్నారు, తురక స్త్రీలున్నారు, భట్టి, ఠాకూర్ కులాల స్త్రీలూ ఉన్నారు. ఈ పేర్లన్నీ నానక్ విడివిడిగా చెప్పడం గమనార్హం. బాబరును ఆపడానికి పీర్లు మంత్రతంత్రాలు ప్రయోగించినా ఒక్క మొగలు కన్ను కూడా పోలేదని అదే పదంలో తేల్చేశాడు.

ఇక అసలు పదానికి వద్దాం. ఖురాసాన్‌ను కాపాడి హిందుస్తాన్‌ను భయపెట్టావని నానక్ సృష్టికర్తతోనే అంటాడు. నింద నీ మీదికి రాకుండా మొగలును యముడిగా పంపావంటాడు. జనం ఇంతగా రోదిస్తుంటే నీకు నొప్పి కలగలేదా అని నిలదీస్తాడు. బలవంతుడు బలవంతుణ్ని కొడితే ఎవరికీ బాధ లేదు గానీ, సింహం ఆవులమంద మీద పడితే మంద యజమాని జవాబు చెప్పుకోవాలన్నది అక్కడి వాదం.

గుణాలేవీ లేని బ్రహ్మాన్ని ఎవరూ ఇలా అడగరు. జగత్తే మిథ్య అనుకుంటే సైద్‌పూర్ శోకమూ మిథ్యే అవుతుంది, నిలదీయడానికి ఎవరూ మిగలరు. కాబట్టి నానక్ దేవుణ్ని అద్వైతంలో కలిపేయడం కుదరదు. అలాగని ఈ దేవుడు రూపం ధరించి దిగివచ్చేవాడూ కాడు. ఆదిగ్రంథం మొదట్లోనే వచ్చే మూలమంత్రం ఆయన్ను అజూనీ అంటుంది, అంటే ఏ యోనిలోనూ పుట్టనివాడు. అధర్మం పెరిగినప్పుడు అవతారం వస్తుందన్న భరోసా సైద్‌పూర్ వాసులకు లేదు. గురు గోవింద్ సింగ్ పేరిట ఉన్న దశమ గ్రంథంలో ఇరవై నాలుగు అవతారాల కథలున్నా మూలమంత్రం నిర్ణయాన్ని అవి మార్చలేవు.

గోల్కొండ చెరసాలలో రామదాసు కూడా దేవుణ్ని దెప్పిపొడిచాడు. ఆయన నిలదీసింది సీతమ్మతో కూడిన రాముణ్ని, తాను నగలు చేయించి పెట్టిన రాముణ్ని. అడిగింది తన చెర గురించి. నానక్ నిలదీసింది రూపం లేనివాణ్ని, అడిగింది ఒక ఊరి తరఫున. నిరాకారుణ్ని ఇలా జవాబుదారీ చేయడం భారతీయ భక్తిలో నానక్‌తోనే మొదలైందని నా అభిప్రాయం.

మూలమంత్రంలోని నిర్వైర్ అన్న విశేషణాన్ని బాబర్‌వాణి పక్కన పెట్టి చదవాలి. వైరం లేని దేవుడికి ఖురాసానీ అయినా హిందుస్తానీ అయినా ఒకటే. ఆయనకు సొంత పక్షం లేదు కాబట్టే నానక్ ఏ ఒక్క మతంవారి గోడునో ఎత్తుకోలేదు. పదం చివరికి వచ్చేసరికి కలిపేవాడూ విడదీసేవాడూ ఆయనేనని తలవంచుతాడు. అప్పటికీ ప్రశ్నను వెనక్కి తీసుకోడు. సిక్కులు హుకుం అనేది దైవాజ్ఞను, ఈ తలవంచడం దానికే. దీన్ని విధికి లొంగిపోవడంగా చదివినవారు ప్రశ్నను వదిలేసి ముగింపు ఒక్కదాన్నే చదివారు.

దిగివచ్చే దేవుడు లేనప్పుడు, అన్యాయాన్ని ఎదిరించే బాధ్యత ఆయన నామం పలికేవారి మీదే పడుతుంది. 1606లో లాహోరులో గురు అర్జన్, 1675లో ఢిల్లీలో గురు తేగ్ బహదూర్ ప్రాణాలర్పించారు. 1699లో ఆనంద్‌పూర్‌లో సిక్కుల దీక్షాసంఘమైన ఖాల్సా ఏర్పడింది. ఈ మూడింటికీ బీజం సైద్‌పూర్‌లో నానక్ వేసిన ప్రశ్నలోనే ఉంది. తనను పరమేశ్వరుడని పిలిచినవారు నరకానికి పోతారని గురు గోవింద్ సింగ్ బచిత్తర్ నాటక్‌లో హెచ్చరించడమూ అందుకే. గురువే అవతారమైపోతే బాధ్యత మళ్లీ మనుషుల భుజం దిగిపోతుంది. సిక్కు చరిత్ర మొత్తాన్నీ నడిపింది ఈ దైవభావనే.

మన విశ్వవిద్యాలయాల తులనాత్మక మతాధ్యయన పాఠాల్లో సిక్కు దైవభావన అనగానే చాలావరకు మూలమంత్రమే చెబుతున్నారు. ఇకనైనా దాని పక్కన బాబర్‌వాణిని చేర్చాలి. నాలుగు పదాలనూ పంజాబీ మూలం నుంచి నేరుగా తెలుగులోకి తెచ్చే పని వెంటనే మొదలుకావాలి.