కౌలుదారుకు ఉన్నది, కిరాయిదారుకు లేనిది

సూర్యాపేటలో మొదటి ఇల్లు కొంటున్న దోస్తు మొన్న అడిగాడు: "పదేండ్ల సంది ఇదే ఇంట్ల కిరాయి కడుతున్న. దీంట్ల నాది ఏం లేదా?"

నవ్వొచ్చే ప్రశ్నే. కానీ ఇక్కడ ఒకప్పుడు చట్టమే 'ఉంది' అంది. ఇంటి విషయంలో కాదు, పొలం విషయంలో.

1946-51 సాయుధ పోరాటానికి సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలు గట్టి కేంద్రాలు. దొరల భూముల్ని దున్నేవాళ్లు పంచుకున్నారు. 1948లో సైన్యం దిగాక చాలా భూమి మళ్లీ దొరలకే పోయింది. అయినా 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం రాక తప్పలేదు. 'రక్షిత కౌలుదారు' అన్న మాట అందులోదే. తర్వాత చేర్చిన 38-ఇ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వం నోటిఫై చేసిన చోట ఆ కౌలుదారే యజమాని. ఊరికే కాదు, ధర కట్టాలి. వాయిదాల్లో కట్టొచ్చు, మన ఈఎమ్ఐకి తాత అనుకోండి. నల్గొండ జిల్లాకి అది వచ్చేసరికి 1973 అయింది. ఆలోగా ఎన్ని పేర్లు రికార్డుల్లోంచి జారిపోయాయో!

1967లో సాగర్ నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద వరి, వరి వెనక మిర్యాలగూడ రైస్ మిల్లులు, మిల్లుల వెనక కిరాయి గదులు. పట్నంలో కిరాయికున్నవాళ్లకి 1960 చట్టం ఇచ్చిన భరోసాల్లో ఒకటి: కారణం లేకుండా ఖాళీ చేయించకూడదు. ఎన్నేళ్లున్నా గోడ ఓనరుదే.

దోస్తు అడ్వాన్స్ ఇచ్చాడు. పాత కాగితాలు తీయిస్తే, ఆ ప్లాటు ఒకప్పుడు పొలం. పాత పహాణీలో కౌలుదారు కాలమ్‌లో ఒక పేరుంది. తర్వాతి వాటిలో లేదు. ఎవరని అడిగితే అమ్మేవాళ్లకి తెలియదు.