కంప్యూటరు భాషలకు పేర్లు ఎలా వచ్చాయి?

రాయచూరు జిల్లా సరిహద్దు పల్లెలలో ఇంట తెలుగు, బడిలో కన్నడం పలికే పిల్లలు ఇంజనీరింగు కళాశాలలో చేరగానే జావా, పైథాన్, సి అనే భాషల పేర్లు వల్లిస్తూ ఉంటారు. ఇవి మనుషులు మాట్లాడుకునేవి కావు. కంప్యూటరు చేయవలసిన పనిని వరుసగా వ్రాసి చెప్పడానికి ఏర్పరచినవి. సాధారణంగా వీటికి నామకరణం చేసేది సృష్టించినవారే.

తొలినాటి పేర్లు పొడి అక్షరాలు. 1957లో ఐబీఎం వెలువరించిన ఫోర్‌ట్రాన్ పేరు 'సూత్రాల అనువాదం' అనే అర్థమిచ్చే ఆంగ్ల పదాల ముక్కలతో ఏర్పడింది. బెల్ ప్రయోగశాలలో 'బి' తరువాత పుట్టినది కనుక డెన్నిస్ రిచీ భాష 'సి' అయింది.

అన్నిటిలోకీ ఔచిత్యం గల పేరు ఏడా. యంత్రం తయారు కాకముందే, 1843లో, దానిచేత లెక్క చేయించే క్రమాన్ని ప్రచురించిన ఏడా లవ్‌లేస్ పేరది. 1980లో అమెరికా రక్షణ శాఖ ఆ భాషకు ఇచ్చిన ప్రమాణ సంఖ్య 1815. అది ఆమె పుట్టిన సంవత్సరం.

పైథాన్ అనగానే కొండచిలువ తలపునకు వస్తుంది. నిజానికి గైడో వాన్ రోసమ్ ఆ పేరు తీసుకున్నది బీబీసీ హాస్య ధారావాహిక 'మాంటీ పైథాన్' నుండి. అయినా భాష చిహ్నంలో పాములే కనిపిస్తాయి! జావాకు మొదట ఓక్ చెట్టు పేరు పెట్టారు. ఆ పేరు అప్పటికే వేరొక సంస్థ సొంతం కావడంతో 1995లో కాఫీని తలపించే జావా స్థిరపడింది.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. అదే ఏడు నెట్‌స్కేప్ సంస్థలో పుట్టిన లైవ్‌స్క్రిప్ట్‌ను, జావాకు వచ్చిన ప్రచారం చూసి, జావాస్క్రిప్ట్‌గా మార్చారు. రెండూ వేర్వేరు భాషలు. ఒకటి నేర్పి రెండోది కూడా వచ్చినట్లేనని శిక్షణ కేంద్రం చెబితే, రుసుము కట్టే తల్లిదండ్రులు నమ్మనక్కరలేదు.

ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ఈ భాషలలో తెలుగు పేరు వినబడదు. మన పేర్లు ఖతులలో, అనగా అక్షర రూపాలలో, దొరుకుతాయి. విండోస్ ఎక్స్‌పీలో తెలుగు ఖతి గౌతమి, కన్నడ ఖతి తుంగ. ఆ తుంగ భద్రతో కలిసి మన జిల్లా దక్షిణపు అంచున పారుతున్నది. 2013లో రూపొంది సిలికానాంధ్ర ద్వారా అందిన ఖతులలో పెద్దన, తిమ్మన, ధూర్జటి ఉన్నారు. 1520లో రాయచూరు కోటను గెలిచిన శ్రీకృష్ణదేవరాయల పేర ఉన్న ఖతి ప్రధానంగా వార్తాపత్రికల కొరకు చేసినది. ఎవరైనా ఉచితంగా దింపుకొని వాడుకోవచ్చు.