గోడ మీది రాత ఎవరు చదవాలి?



డిస్టోపియా అనగానే చాలామందికి ఆర్వెల్ ‘1984’ గుర్తొస్తుంది. 1949లో వచ్చిన ఆ నవలలో విన్‌స్టన్ ఉద్యోగమే పాత పత్రికల్లోని వార్తలను ప్రభుత్వానికి నచ్చేలా దిద్దడం. నన్ను మాత్రం 1945 నాటి ‘యానిమల్ ఫామ్’లోని గోడ ఎక్కువ భయపెడుతుంది.

సోవియట్ విప్లవం దారి తప్పిన తీరు మీద రాసిన కథ అది. యజమానిని తరిమేసిన జంతువులు కొట్టం గోడ మీద ఏడు సూత్రాలు రాసుకుంటాయి. ఒక జంతువు మరో జంతువును చంపకూడదన్నది ఆరోది. పెత్తనం చేతికొచ్చిన పందులు కొందరిని చంపించాక, కారణముంటే చంపొచ్చని అర్థమొచ్చేలా ఆ సూత్రానికి కొత్త మాటలు అతుక్కుంటాయి. క్లోవర్ అనే ఆడగుర్రానికి అనుమానమొస్తుంది. దానికి చదువు సరిగా రాదు. మేక చేత చదివించుకుంటుంది. ఆ మాటలు తామే మరిచిపోయామనుకుని జంతువులన్నీ సర్దుకుంటాయి.

రాతకు అంత బలం ఎలా వచ్చింది? చదువు కొందరి గుప్పిట్లోనే ఉండటం వల్ల. మన పతనానికి మూలం చదువు లేకపోవడమేనని ఫూలే చెప్పింది ఇందుకే.

అక్కడ చదువొచ్చిన గాడిద ఒకటుంది, బెంజమిన్. క్లోవర్ ముందు అడిగింది దాన్నే. ఈ గొడవలు తనకొద్దంది. చివరికి ప్రాణస్నేహితుడు బాక్సర్‌ను బండెక్కించినప్పుడు, అది కబేళా బండి అని చదివి అందరికీ వినిపించింది. అప్పటికే ఆలస్యమైంది.

రాసిందీ, జనానికి గుర్తున్నదీ ఎదురెదురుగా నిలబడటం మనం చుండూరులో చూశాం. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లాలోని ఆ ఊళ్లో ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో, ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు, నేరం రుజువు కాలేదని శిక్షలన్నీ కొట్టేసింది. ఆ కాగితం ప్రకారం చంపినవాళ్లెవరూ లేరు.

చుండూరు దళితులు క్లోవర్‌లా తమ జ్ఞాపకాన్ని అనుమానించుకోలేదు. తమవాళ్లను పూడ్చిన నేలకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఏటా ఆగస్టు 6న అక్కడ చేరతారు.

జ్ఞాపకాన్ని వాళ్లు కాపాడారు. చదవడం మన వంతు. ఆ రెండు తీర్పులూ తెచ్చి పక్కపక్కన పెట్టండి. సాక్షుల మాటను మొదటి కోర్టు ఎందుకు నమ్మిందో, రెండోది ఎందుకు కాదందో వాడలో కూర్చుని తెలుగులో చెప్పండి.

డిగ్రీ చేతికొచ్చాక ‘నాకెందుకులే’ అనిపించినప్పుడు బెంజమిన్‌ను తలుచుకోండి. బండి కదలకముందే చదవాలి.