వాసన చెప్పిన సాక్ష్యం: కలకత్తా మీదుగా వెళ్లిన పియూరీ కథ

మూత్రం తేడా వాసన వస్తే నీళ్లు తక్కువయ్యాయనో, తిన్న తిండి అనో, ఇన్ఫెక్షన్ అనో అనుకుంటాం. 19వ శతాబ్దంలో యూరప్ రసాయనవేత్తలకు ఇదే చిక్కు ఒక రంగుతో వచ్చింది. కలకత్తా మీదుగా లండన్ చేరే 'పియూరీ' ఉండలు మూత్రం కంపు కొట్టేవి. కడిగి శుద్ధి చేస్తే చిత్రకారులు మెచ్చే 'ఇండియన్ యెల్లో' వచ్చేది. మరి ఆ కంపు ఎక్కడిది?

ఒంటె మూత్రం అన్నారు కొందరు. 1844లో జాన్ స్టెన్‌హౌస్ మాత్రం ఇది ఏదో చెట్టు రసం అన్నాడు.

సమాధానం 1883లో వచ్చింది. త్రైలోక్యనాథ్ ముఖోపాధ్యాయ పేరు గుర్తుపెట్టుకోండి. తర్వాత కలకత్తా ఇండియన్ మ్యూజియంలో పనిచేసిన ఈయనే 'కంకావతి' నవల రాశారు. లండన్‌లోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ పత్రికలో అచ్చయిన ఆయన ఉత్తరం ప్రకారం, బీహార్‌లో ముంగేర్ దగ్గరి మీర్జాపూర్‌లో కొందరు గోవాలాలు ఆవులకు మామిడాకులు, నీళ్లు పెట్టి, మూత్రం కుండల్లో పట్టి, కాచి, వడగట్టి, మడ్డిని ఉండలు చేసేవారు. ఆవులు నీరసంగా కనిపించాయని, మిగతా పాలవాళ్లు వీళ్లను ఈసడించుకునేవారని కూడా రాశారు.

ఇక్కడ మీరు ఆగాలి. తయారీని కళ్లారా చూసి రాసిన సాక్షి దాదాపు ఈయన ఒక్కడే. 2002లో 'కలర్' పుస్తకం రాసిన విక్టోరియా ఫిన్లే మీర్జాపూర్ వెళ్తే అక్కడ ఎవరికీ పియూరీ గురించి తెలియదు. 1908 ప్రాంతంలో క్రూరత్వం కారణంగా దీన్ని నిషేధించారని గైడ్లలో కనిపిస్తుంది. ఆ చట్టం కోసం ఆమె వెతికితే దొరకలేదు. నేనూ నా నోట్సులో ఆ వాక్యం కొట్టేశాను.

అయితే ముఖోపాధ్యాయ ఉత్తరంతో ఊరుకోలేదు, నమూనాలు కూడా పంపారు. అవి లండన్ క్యూ గార్డెన్స్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిని పరీక్షించి 2019లో ప్రచురించిన పరిశోధనలో హిప్యూరిక్ ఆమ్లం దొరికింది. గడ్డీ ఆకూ తినే పశువుల మూత్రంలో అది సహజంగా ఉంటుంది. పసుపు రంగుకు కారణం యూక్సాంథిక్ ఆమ్లం: మామిడాకులోని మాంగిఫెరిన్‌ను ఆవు శరీరం మార్చగా వచ్చిన పదార్థం. నిల్వ మూత్రంలో యూరియాను బ్యాక్టీరియా విడగొడితే అమోనియా వస్తుంది, ఘాటు దానిది.

కాబట్టి సాక్షి చెప్పిన పద్ధతి నిలబడింది. ఎన్ని ఊళ్లలో చేసేవారు, ఎందుకు ఆపేశారు అన్నవి మాత్రం ఆ ఉండలు చెప్పవు.