పీపాకూ గ్లాసుకూ మధ్య మూడో మనిషి

షికాగో పాత పేటల్లో కొన్ని ఇటుక భవనాల నుదుట ఒక భూగోళం బొమ్మ కనిపిస్తుంది. గోళాన్ని చుట్టిన పట్టీ మీద ష్లిట్జ్ అన్న పేరు ఉంటుంది. మిల్వాకీకి చెందిన ఆ బీరు కంపెనీ పందొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తన సొంత డబ్బుతో కట్టించిన సారాకొట్లవి. అక్కడివాళ్లు సెలూన్లు అనేవారు. వాటిలో కొన్నింటిని నగర పాలకులు చారిత్రక కట్టడాలుగా ప్రకటించారు. ఇవాళ అమెరికాలో చిన్న బ్రూవరీ పెట్టుకున్న మనిషి, తాను తయారుచేసిన బీరును ఎదురుగా నిలబడ్డ మనిషికి అమ్ముకోవడానికి ఎందుకింత తంటాలు పడాలో తెలియాలంటే ఆ భవనాల కథ తెలియాలి.

1880లలో షికాగో సెలూన్ లైసెన్సు రుసుమును ఏడాదికి 500 డాలర్లకు పెంచారు. 1906లో దాన్ని 1,000 డాలర్లు చేశారు. రుసుము పెరిగితే కొట్లు తగ్గుతాయని, తాగుడు అదుపులోకి వస్తుందని పెద్దలు ఆశపడ్డారు. అంత సొమ్ము చిన్న కొట్టువాడి దగ్గర ఎక్కడుంటుంది? బీరు కంపెనీలే ముందుకొచ్చాయి. లైసెన్సు సొమ్ము కట్టాయి, అద్దె ఇచ్చాయి. కౌంటరు, అద్దాలు, గ్లాసులు, గుమ్మం మీద బోర్డు సమకూర్చాయి. బదులుగా ఒకటే షరతు పెట్టాయి: ఆ కొట్లో తమ బీరు తప్ప ఇంకో బీరు ఉండకూడదు. విత్తనాలకూ ఎరువులకూ అప్పు తెచ్చుకుని, పండిన పంటంతా ఆ షావుకారుకే కొలిచి ఇచ్చే రైతు బతుకే కొట్టువాడిదీ అయింది.

అప్పు తీరాలంటే పీపాలు ఖాళీ కావాలి. అందుకని గ్లాసు బీరు కొన్నవాడికి భోజనం ఉచితంగా పెట్టారు, దాహం పెరగడానికి అందులో ఉప్పు దండిగా వేశారు. ఆదివారం మూసి ఉంచాలన్న నిబంధనను పక్క గుమ్మంలోంచి దాటేశారు. ఒకే వీధిలో పోటీ కంపెనీల కొట్లు వరసగా వెలిశాయి. తాగుడు ఇళ్లు ముంచుతున్న సంగతి ఆడవాళ్లకు అంతకు ముందే తెలుసు. 1873 డిసెంబరులో ఒహాయో రాష్ట్రం హిల్స్‌బరోలో ఎలైజా థాంప్సన్ వెంట మహిళలు సారాకొట్ల ముందు మోకరిల్లి ప్రార్థనలు చేశారు. 1992లో సారాకు వ్యతిరేకంగా దూబగుంట ఆడవాళ్లు ఏం చేశారో తెలిసిన మనకు ఆ దృశ్యం పరాయిది కాదు. ఇరవై ఏళ్ల తర్వాత, 1893లో, అదే ఒహాయోలో యాంటీ సెలూన్ లీగ్ పుట్టింది. ఆ సంఘం తన పోరు కొట్టు మీదనేనని పేరులోనే చెప్పుకుంది.

తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. 18వ రాజ్యాంగ సవరణతో 1920 జనవరి 17 నుంచి మద్యనిషేధం వచ్చింది, దొంగసారా రాజ్యమేలింది. ఆర్థిక మాంద్యంలో ప్రభుత్వానికి పన్నుల అవసరం ముంచుకొచ్చింది. 1933 ఏప్రిల్ 7న 3.2 శాతం బీరుకు అనుమతి దొరికింది. అదే ఏడు డిసెంబరు 5న 21వ సవరణ నిషేధాన్ని ఎత్తేసింది. ఆ సవరణ రెండో భాగం మద్యం సంగతి రాష్ట్రాల చేతికి ఇచ్చింది. అమెరికాలో ఒక్క బీరుకు ఇన్ని రకాల చట్టాలు ఉండడానికి మూలం అదే.

కొత్త చట్టాలు ఎలా ఉండాలన్న ఆలోచన మాత్రం ముందుగానే మొదలైంది. కోటీశ్వరుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ మద్యం ముట్టని మనిషి, నిషేధానికి అండగా నిలిచినవాడు. 1932లో ఆయన మనసు మార్చుకున్నాడు. రేమండ్ ఫాస్డిక్, ఆల్బర్ట్ స్కాట్ అనే ఇద్దరితో అధ్యయనం చేయించాడు. అది 1933లో పుస్తకంగా వచ్చింది. తయారీదారు గుప్పిట్లో ఉండే పాత సెలూన్ మళ్లీ లేవకూడదని అది గట్టిగా హెచ్చరించింది. దాన్ని అడ్డుకోవడానికి చాలా రాష్ట్రాలు ఎంచుకున్న పద్ధతే మూడంచెల వ్యవస్థ. బ్రూవరీ టోకు వ్యాపారికి అమ్మాలి, టోకు వ్యాపారి దుకాణానికో బారుకో అమ్మాలి, వాళ్లు తాగేవాడికి అమ్మాలి. ఒక అంచెలో ఉన్నవాడికి మరో అంచెలో వాటా ఉండకూడదు. తయారీదారుకూ దుకాణానికీ నడుమ ఒక మనిషిని గోడలా నిలబెట్టారు. ఆనాటి అనుభవం దృష్ట్యా అది సరైన పనేనని నేను నమ్ముతున్నాను.

కొన్ని రాష్ట్రాలు ఆ నడిమి మనిషి పాత్రను ప్రభుత్వానికే అప్పగించాయి. పెన్సిల్వేనియా లాంటి 17 రాష్ట్రాల్లో ఇప్పటికీ ఘాటైన మద్యం టోకు వ్యాపారం సర్కారు చేతిలోనే ఉంది. ఇది మనకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1986లో బెవరేజెస్ కార్పొరేషన్ ఏర్పడింది, రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు వేరే కార్పొరేషన్ వచ్చింది. కంపెనీ సరుకు కార్పొరేషన్ డిపోకు చేరాలి, వైన్ షాపు అక్కడినుంచే ఎత్తుకోవాలి. నడిమి అంచె ఒక్కటే అయినప్పుడు ఏమవుతుందో 2025 జనవరిలో చూశాం. బకాయిలు రావడం లేదని, ధర పెంచడం లేదని బీరు కంపెనీ యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు సరఫరా నిలిపేసింది. కొద్ది రోజులకు మళ్లీ మొదలుపెట్టింది.

అమెరికాకు తిరిగొస్తే, అక్కడి గోడ దుకాణాన్ని కాపాడింది కానీ చిన్న బ్రూవరీని కాపాడలేదు. పెద్దవి చిన్నవాటిని మింగుతూ పోయాయి. 1970ల చివరికి దేశమంతటా పనిచేస్తున్న బ్రూవరీలు వందకు లోపే. ఆ పెద్ద కంపెనీలు కుటుంబ వ్యాపారాలుగా నడిచే టోకు వ్యాపారులను, అంటే డిస్ట్రిబ్యూటర్లను, బెదిరించి ఆడించేవి. వాళ్ల రక్షణకు చాలా రాష్ట్రాలు ఫ్రాంచైజీ చట్టాలు తెచ్చాయి. తగిన కారణం చూపకుండా బ్రూవరీ తన డిస్ట్రిబ్యూటర్ను మార్చడానికి వీల్లేదన్నాయి. అప్పటి కొలతల్లో బ్రూవరీ ఏనుగు, డిస్ట్రిబ్యూటర్ ఎలుక. చట్టంలో రాసుకున్నవి ఆ కొలతలే.

కొలతలు తారుమారు కావడానికి ఎంతో కాలం పట్టలేదు. 1976లో జాక్ మెకాలిఫ్ కాలిఫోర్నియాలోని సోనోమాలో న్యూ ఆల్బియన్ అనే చిన్న బ్రూవరీ పెట్టాడు. ఆరేళ్లకే అది మూతపడినా దాన్ని చూసి నేర్చుకున్నవాళ్లు మిగిలారు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో ఇంట్లో బీరు తయారుచేసుకోవడం సమాఖ్య చట్టం దృష్టిలో నేరం కాకుండా పోయింది. 1982లో వాషింగ్టన్ రాష్ట్రం యాకిమాలో బెర్ట్ గ్రాంట్ నిషేధం తర్వాతి మొదటి బ్రూపబ్, అంటే బీరు తయారీ, అమ్మకం ఒకేచోట సాగే పబ్, తెరిచాడు. అదే ఏడాది అలాంటి పబ్‌లకు కాలిఫోర్నియా చట్టం కూడా దారి ఇచ్చింది. 1983లో హాప్లాండ్ అనే చిన్న ఊళ్లో మెండసీనో బ్రూయింగ్ తన పబ్ తెరిచింది. 1997లో ఈ కంపెనీ విజయ్ మాల్యా చేతికి వచ్చిందని మనలో చాలామందికి తెలియదు.

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా పట్టి నిలిపేది లారీ బెల్ కథ. మిషిగన్ రాష్ట్రం కలమజూలో 1983లో అతను ఇంటి బీరు సామగ్రి అమ్మే కొట్టు పెట్టాడు. 1985లో 15 గ్యాలన్లు పట్టే సూపు గిన్నెతో సొంత బీరు వ్యాపారం మొదలుపెట్టాడు. 1993లో చట్టం సడలగానే బ్రూవరీ దగ్గరే ఎక్సెంట్రిక్ కేఫ్ తెరిచాడు. మిషిగన్‌లో బ్రూవరీ తన గడపలోనే గ్లాసు నింపి అమ్మిన మొదటి చోటు అది. ట్యాప్‌రూమ్ అంటే ఇదే: వెనక పీపాలు, ముందు కుళాయిలు, మధ్యలో ఎవరూ లేరు.

అతని గడప దాటిన బీరు కథ వేరు. 2006లో ఇల్లినాయ్‌లోని అతని డిస్ట్రిబ్యూటర్, బెల్ బీర్ల పంపిణీ హక్కులను మరో డిస్ట్రిబ్యూటర్‌కు అమ్మబోయాడు. ఆ కొత్త సంస్థ చేతిలో తన బీరుకు ఆదరణ ఉండదని బెల్ భయం. బీరు తనది, పేరు తనది. ఎవరు అమ్మాలో చెప్పే హక్కు మాత్రం తనది కాదు. చేసేది లేక షికాగోతో సహా ఇల్లినాయ్ మార్కెట్‌నే వదులుకున్నాడు. అమ్మకాల్లో సుమారు పదో వంతు ఆ రాష్ట్రానిదే. హక్కులు బ్రాండ్ పేర్లకు అంటుకుని ఉన్నాయి కనుక మరుసటి ఏడు కలమజూ అన్న వేరే పేరుతో, వేరే బీర్లతో తిరిగి వెళ్లాడు. ఎలుక కోసం తెచ్చిన చట్టం ఎలుక చేతిలో ఇలా కొరడా అయింది. నాకు కోపం తెప్పించేది ఇదే. ఒకసారి సంతకం పెట్టిన చిన్న తయారీదారుకు, ఆ పంపిణీదారు తన సరుకును గిడ్డంగిలో మగ్గబెట్టినా నోరు మెదపలేని స్థితి వచ్చింది.

అందుకే చిన్న బ్రూవరీలకు ట్యాప్‌రూమ్ ప్రాణం. అమెరికా లెక్కలో ఒక బ్యారెల్ 31 గ్యాలన్లు, సుమారు 117 లీటర్లు. దాన్ని వాళ్ల పింట్ గ్లాసుల్లో పోస్తే 248 వస్తాయి. డిస్ట్రిబ్యూటర్‌కు అమ్మితే ఒక్కో గ్లాసు మీద రెండు లాభాలు వేరేవాళ్లకు పోతాయి. సొంత కౌంటర్లో పోస్తే ఆ రెండూ బ్రూవరీ దగ్గరే ఉంటాయి, జీతాలు, అద్దె అక్కడినుంచే వస్తాయి. మిన్నెసోటాలో సర్లీ అనే బ్రూవరీ పట్టుబట్టి 2011లో ట్యాప్‌రూమ్‌కు వీలిచ్చేలా చట్టం మార్పించింది. జనం దాన్ని సర్లీ బిల్లు అనే పిలిచారు. జార్జియాలో 2017 సెప్టెంబరు 1 దాకా బ్రూవరీ బీరు అమ్మకూడదు, బ్రూవరీ చూపించే టూరు టికెట్ అమ్మాలి. టికెట్ కొన్నవాళ్లకు అక్కడ తాగడానికి 36 ఔన్సులు, జ్ఞాపికగా ఇంటికి 72 ఔన్సులు ఇవ్వొచ్చు. కొత్త చట్టం వచ్చాక ఏడాదికి 3,000 బ్యారెళ్ల దాకా నేరుగా అమ్ముకునే వీలు కలిగింది.

టెక్సస్ పోరాటం మరీ పొడుగు. మనవాళ్లు వేలకు వేలుగా స్థిరపడిన డాలస్, ఆస్టిన్ ప్రాంతాల బ్రూవరీలే ఇందులో ముందున్నాయి. 2013లో ఏడాదికి 5,000 బ్యారెళ్ల దాకా బ్రూవరీలోనే గ్లాసులతో అమ్ముకోవచ్చన్నారు. ఆ చట్టసభ సమావేశాల్లోనే మరో చట్టం వచ్చింది. తన పంపిణీ హక్కులకు బ్రూవరీ డబ్బు పుచ్చుకోకూడదు, ఉచితంగా ఇచ్చేయాలి. పుచ్చుకున్న డిస్ట్రిబ్యూటర్ మాత్రం వాటిని ఇంకొకరికి అమ్ముకోవచ్చు. లైవ్ ఓక్, పెటికోలస్, రివాల్వర్ అనే మూడు బ్రూవరీలు కోర్టుకెక్కి 2016లో గెలిచాయి, పై కోర్టులో ఓడాయి. 2017లో ఇంకో మెలిక పెట్టారు. యజమానుల ఇతర బ్రూవరీలతో కలిపి ఏడాదికి 2,25,000 బ్యారెళ్లు దాటినవాడు, తన ట్యాప్‌రూమ్‌లో పోసే బీరును ముందు డిస్ట్రిబ్యూటర్‌కు అమ్మి, మళ్లీ అతని దగ్గరే కొనాలి. పీపా ఉన్నచోటి నుంచి కదలదు. కదిలేవి కాగితమూ డబ్బూ. ఇంటికి తీసుకెళ్లడానికి సీసా కొనే వీలు 2019 సెప్టెంబరు 1న గానీ రాలేదు, అదీ మనిషికి రోజుకు 288 ఔన్సులు, అంటే 24 డబ్బాల పెట్టె. వైన్ తయారీదారులకు ఆ వీలు ఎప్పటినుంచో ఉంది.

హైదరాబాద్‌లో మైక్రో బ్రూవరీలకు తెలంగాణ ప్రభుత్వం 2015లో నిబంధనలు తెచ్చినప్పుడు, ప్రభుత్వ డిపో దారిలోనే ఒక చిన్న పక్కదారి తెరిచింది. ఆ నిబంధనల్లో తయారైన బీరు అక్కడికక్కడ తాగడానికే. టెక్సస్ ఆరేళ్లు నలిగిన మెట్టు సరిగ్గా అదే.

ఇంత చెప్పాక గోడను పడగొట్టేయమని నేననను. 2015లో ఆన్‌హైజర్ బుష్ ఇన్‌బెవ్ అనే పెద్ద బీరు కంపెనీ తన డిస్ట్రిబ్యూటర్లకు ఒక ఆశ చూపింది. అమ్మే బీరులో 98 శాతం తమదే అయితే, మార్కెటింగ్ ఖర్చులో 75 శాతం దాకా తిరిగి ఇస్తామంది. చిన్న బ్రూవరీల సరుకును అల్మరాల నుంచి నెట్టేయడానికి ఇంతకంటే ఏం కావాలి? మరుసటి ఏడు మరో పెద్ద కంపెనీ శాబ్‌మిల్లర్‌ను అది కలుపుకోవడానికి ఒప్పుకుంటూ అమెరికా న్యాయశాఖ అలాంటి పథకాలకు పగ్గం వేసింది. 2016లోనే మసాచూసెట్స్‌లో, బార్లలో కుళాయిల కోసం డబ్బు ముట్టజెప్పిన ఒక డిస్ట్రిబ్యూటర్ 26 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. డబ్బున్నవాడు కొట్టును కట్టేసుకోవాలనుకోవడం పాత రోజులతో పోలేదు. పెద్దవాళ్లకు గోడ ఉండి తీరాలి.

చిన్నవాళ్లకు మాత్రం తలుపు కావాలి, అదీ త్వరగా కావాలి. తొమ్మిది వేలు దాటిన అమెరికా బ్రూవరీల్లో 2024లో కొత్తగా తెరిచినవాటికంటే మూతపడినవే ఎక్కువ. తలుపు ఎలా ఉండాలో 2012లో న్యూయార్క్ చూపించింది. ఏడాదికి మూడు లక్షల బ్యారెళ్ల లోపు తయారుచేసే బ్రూవరీ, తన సరుకు ఆ డిస్ట్రిబ్యూటర్ వ్యాపారంలో 3 శాతం లోపే అయితే, న్యాయమైన పరిహారం చెల్లించి ఒప్పందం నుంచి బయటపడొచ్చు. పంపిణీదారు నష్టపోడు, తయారీదారు బందీగా ఉండడు. చాలా రాష్ట్రాల్లో ఇలాంటి బిల్లు చట్టసభ గడప దాటడం కష్టమవుతోంది. టోకు వ్యాపారుల సంఘాలు ఎన్నికలకు విరాళాలిస్తాయి, దాదాపు ప్రతి నియోజకవర్గంలోనూ వాళ్ల గిడ్డంగి ఒకటి ఉంటుంది.