స్వరము: ఒక మాట, పలు శాస్త్రములు

రైలు ఆగిన వెంటనే పొడుగు పిడి సుత్తితో చక్రములను తట్టుచు పోవు పరీక్షకుని పని ఖరగ్‌పూరు వంటి రైల్వే పట్టణములకు చిరకాలము పరిచితము. చక్రము ఖంగున మ్రోగినచో గట్టిది. బొంగురుగా పలికినచో బీటవారినదేమోయని అనుమానము. ఈ నాదభేదమును ఆంగ్లమున ‘టోన్’ అందురు. చిత్రకారుని రంగులోని ఛాయకును, వైద్యుడు పరీక్షించు కండరపు బిగువునకును, కవితలోని వక్త ధోరణికిని వారికి అదే మాట. మూలమైన గ్రీకు పదమునకు లాగి బిగించుట యని అర్థము. తంత్రిని బిగించిననే గదా నాదము!

మన స్వరశబ్దము పుట్టుక వేరు. అది ధ్వనించుట యను ధాతువునుండి వచ్చినది. కనుక ‘టోన్’ కనబడిన ప్రతిచోట ‘స్వరము’ అని వ్రాయు అనువాదపద్ధతి సరికాదు. కండరమునకు స్వరమెక్కడిది? అచ్చట ‘బిగువు’ అను తెలుగుమాట గ్రీకు మూలమునకే దగ్గర.

మనవారు స్వరమునకు అప్పగించిన పనులును తక్కువవి కావు. వ్యాకరణమున అచ్చు, సంగీతమున షడ్జాదులు, వేదమున ఉదాత్తానుదాత్తస్వరితములు. ‘ఇంద్రశత్రు’ అను సమాసమున ఉదాత్తము చివర నిలిచినచో ఇంద్రుని చంపువాడని అర్థము. పూర్వపదమున నిలిచినచో ఇంద్రునిచే చచ్చువాడని. త్వష్ట స్వరము తప్పెను, వృత్రుడు హతుడయ్యెను. వ్యాకరణాధ్యయన ప్రయోజనము చెప్పుచు పతంజలి ఈ ఉదాహరణమునే చూపెను.

బెంగాలీలో ఈ మాట రెండుగా చీలినది. తత్సమరూపము అచ్చునకును కంఠధ్వనికిని నిలువగా, ‘సుర్’ అనునది రాగమునకును పలుకు ధోరణికిని చెల్లినది. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకై శ్రీకాకుళ విశాఖపట్టణ ప్రాంతములనుండి ఖరగ్‌పూరు చేరిన తెలుగు కుటుంబములు తరతరములుగా ఆ బెంగాలీ నడుమనే తమ యాసతో బ్రదికినవి. యాసను బట్టి ఊరు గుర్తింపవచ్చును. కాకువు వేరు, ‘వాడు వచ్చినాడు’ అను వాక్యము ప్రశ్నయగుటయు, ఎత్తిపొడుపగుటయు దానివలననే. కాకువక్రోక్తిని రుద్రటుడు అలంకారమనగా, రాజశేఖరుడు కాకువు పఠనధర్మమే యనెను. రాజశేఖరుని పక్షమే బలవత్తరము; అచ్చుపుటలో కాకువు వినబడదు.

వినబడనిది కొంత కనబడును. 1929లో ఐ. ఎ. రిచర్డ్స్ ‘టోన్’ను శ్రోతయెడ వక్త వైఖరిగా వివరించెను. తెలుగున ఆ వైఖరి సర్వనామములలోనే యున్నది: నీవు, మీరు, తమరు. వి. వి. గిరి నాయకులలో ఒకరుగా నున్న 1927 నాటి ఖరగ్‌పూరు రైల్వే కార్మికుల సమ్మెను గూర్చి ఆంగ్లమునుండి తెలిగించువానికి ఈ చిక్కు తప్పదు. ఆ భాషలో అధికారికిని కార్మికునికిని ఒక్కటే ‘యూ’. ఎవరు ఎవరిని ‘మీరు’ అనవలెనో అనువాదకుడే నిర్ణయించవలెను. విజ్ఞప్తి చేయునాడు ‘తమరు’ అన్నవాడు, పని నిలిపివేసిన మరునాడును అట్లే యనునా?