కనుమ దారిలో చిన్నకారు: బ్రేకుల కథ

‘భద్రాచలం రోడ్డు’ అను పేరుగల రైలు స్టేషను భద్రాచలమున లేదు, కొత్తగూడెమున ఉన్నది. అచట దిగిన యాత్రికుడు సుమారు 40 కిలోమీటర్లు అడవిదారిన పోయినగాని గోదావరి కానరాదు. 1965లో వంతెన తెరువబడువరకు నది దాటుటకు పడవయే ఆధారము. ఒకవిధముగా చూచిన, ఆ దారికి గోదావరియే బ్రేకు. ఎంత తొందరగలవాడైనను ఒడ్డున ఆగవలసినదే. వంతెన వచ్చిన పిదప ఆ నిర్బంధము తొలగెను. మోటారుబండ్లు భద్రాచలము దాటి చింతూరు, మారేడుమిల్లి కనుమలవైపు తిన్నగా సాగజొచ్చెను. అంతవరకు నది చేసిన పని అప్పటినుండి డ్రైవరు పాదము చేయవలసి వచ్చెను.

ఎడ్లబండి వాలు దిగునపుడు బరువును ఎద్దులే మెడలపై ఆపుకొనును. మోటారుబండికి అట్టి ప్రాణాధారము లేదు. కదలుటకు యంత్రము కనుగొన్న మానవుడు ఆగుటకు తగిన సాధనమును అంత త్వరగా కుదుర్చుకొనలేకపోయెను. 1902లో ఫ్రాన్సున లూయీ రెనో డ్రమ్ము బ్రేకును రూపొందించెను. ఆ యేటనే ఇంగ్లండున లాంచెస్టరు డిస్కు బ్రేకునకు పేటెంటు పొందెను. అయినను డిస్కు బ్రేకు శక్తిని లోకము గుర్తించుటకు 1953లో లెమాన్ పందెమున జాగ్వారు కార్లు గెలుచువరకు వేచియుండవలసి వచ్చెను.

1922లో వెలువడిన ‘బేబీ ఆస్టిన్’కు నాలుగు చక్రములకును బ్రేకులుండెను. కాని తొలినాళ్ళలో పాదముతో నొక్కిన వెనుక చక్రములు మాత్రమే ఆగును. ముందు చక్రములను ఆపుటకు చేతిమీట లాగవలెను. 1930లోగాని ఆ రెండును ఒక్కటి కాలేదు. పైగా అవి కడ్డీలతోను, తీగెలతోను పనిచేయునవి. ఒక తీగె వదులైనచో బండి ఒక ప్రక్కకు ఈడ్చును. ఈ చిక్కును తీర్చినది ద్రవము. మూతగల పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కిన ఆ ఒత్తిడి అన్ని దిక్కులకును సమముగా వ్యాపించునని పదునేడవ శతాబ్దిననే పాస్కలు తెలిపియుండెను. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గు కారునకు ఈ పద్ధతిలో నాలుగు చక్రములకును బ్రేకులమర్చిరి. 1948లో వెలువడిన మోరిస్ మైనరు వంటి చిన్నకార్లకును ఆ భాగ్యము దక్కెను.

ఇట్టి పాతకారును నేటికిని ప్రాణప్రదముగా చూచుకొనువారు కలరు. వారు కనుమ దారి పట్టుటకు ముందు ఒక లెక్క చూడవలెను. మనుష్యులతో కూడి వేయి కిలోగ్రాముల బరువుగల బండి 300 మీటర్ల ఎత్తునుండి దిగినచో పుట్టు వేడిమి సుమారు పది లీటర్ల నీటిని మరిగింపగలదు. ఇంజను, గాలి కొంత పంచుకొన్నను, మిగిలినది ఆ చిన్న డ్రమ్ములే భరింపవలెను. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించును, లైనింగు పట్టు తప్పును. అంతకంటె ప్రమాదము బ్రేకు ఆయిలు మరుగుట. ఈ ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 3 ప్రమాణము ప్రకారము క్రొత్త ద్రవము 205 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరుగరాదు. తేమ పట్టినదానికి ఆ హద్దు 140 డిగ్రీలే. మరిగిన ద్రవమున ఆవిరి బుడగలు పుట్టును, పెడలు మెత్తగా నేలకంటును, బండి మాత్రము ఆగదు.

కావున మరమ్మతు ద్రవముతో ఆరంభము కావలెను. మోరిస్ మైనరున మాస్టరు సిలిండరు డ్రైవరు పాదముల క్రింద, నేలపలక చాటున ఉండును. కంటికి కానరానిది మరపునకు వచ్చుట సహజము. దానిలోని రబ్బరు వాషర్లు, చక్రములయొద్ద సిలిండర్లు, మూడు రబ్బరు గొట్టములు పరీక్షించి, పగుళ్ళున్నవానిని మార్చి, క్రొత్త ద్రవము నింపి, గాలి పూర్తిగా తీయవలెను. పాత లైనింగులలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును. ఆ ధూళిని ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను. వానకాలమున వాగు దాటిన పిదప పెడలును తేలికగా నొక్కుచు కొంతదూరము పోయిన లైనింగులు ఆరును. వాలులో తక్కువ గేరులోనే దిగవలెను.

ఇక మెరుగుదల మాట. 1962లో ఆ కారునకే ముందు డ్రమ్ములను ఏడంగుళములనుండి ఎనిమిదంగుళములకు పెంచిరి. వానిని అంతకుముందటి కార్లకు అమర్చుకొనువారు కలరు. డిస్కులు పెట్టుకొనువారును కలరు. వానికంటె ముందు తలపవలసినది రెండు భాగముల మాస్టరు సిలిండరు. పాతపద్ధతిలో ఒక్క గొట్టము తెగిన నాలుగు చక్రముల పాదపు బ్రేకులును పోవును. క్రొత్తదానిలో రెండు చక్రములకైనను బ్రేకు మిగులును.

ఇట్లు మార్చిన కారు పాతదనము చెడునని కొందరు వగతురు. జీర్ణోద్ధరణము చేసినంతమాత్రమున ఆలయమున దేవుడు మారడు. విప్పిన పాత భాగములను గుడ్డలో చుట్టి భద్రపరచుకొనవచ్చును. వాటిని మరల ఎప్పుడైనను బిగింపవచ్చును. కనుమ మలుపున జారిన ప్రాణమునకు మాత్రము మరల బిగింపు లేదు.